రెమింగ్టన్ 1858 నకలు: ట్రిగ్గర్ గట్టిగా ఉంది, ఏ స్ప్రింగ్ మార్చాలి?

కాజీపేట_టు_ఆస్టిన్
అందరికీ నమస్తే. పాత యంత్రాల విభాగంలో తుపాకీ ప్రశ్న వేస్తున్నందుకు ఏమనుకోకండి. నేను పుట్టి పెరిగింది కాజీపేట, ఇప్పుడుండేది టెక్సస్‌లోని ఆస్టిన్. ఇక్కడి క్లబ్బులో అడిగితే తలా ఒక మాట చెప్పారు. స్ప్రింగులతో రోజూ కుస్తీ పట్టే మీరైతే సూటిగా చెప్తారని ఇక్కడ రాస్తున్నా.

నా దగ్గరున్నది ఇటలీలో తయారైన 1858 రెమింగ్టన్ రివాల్వర్ నకలు. .44 క్యాలిబర్, స్టీల్ ఫ్రేమ్, ఆరు గదుల సిలిండర్. తూటాలుండవు. ఒక్కో గదిలో బ్లాక్ పౌడర్ పోసి, మీద సీసపు గుండు పెట్టి, బ్యారెల్ కిందున్న లీవర్‌తో లోపలికి దించి, వెనక నిపుల్‌కు, అంటే రంధ్రమున్న చిన్న మొనకు, పెర్కషన్ క్యాప్ తొడగాలి. దెబ్బ తగిలితే పేలి పౌడర్‌ను అంటించే చిన్న టోపీ అది. తూటా వాడని ఇలాంటి నకళ్లను అమెరికా ఫెడరల్ చట్టం పురాతన ఆయుధాల కిందే లెక్కేస్తుంది, కాబట్టి కాగితాల గొడవ లేదు.

సమస్యలు రెండు. ట్రిగ్గర్ మరీ గట్టి. లగేజీ తూకం కొక్కేనికి తాడు కట్టి లాగితే ఐదు పౌన్లు దాటాక గానీ హామర్ (క్యాప్‌ను కొట్టే సుత్తి) పడటం లేదు. 25 గజాల కాగితం మీద గుళ్లన్నీ కిందికి, ఎడమవైపుకు పోతున్నాయి. రెండోది ఈమధ్య మొదలైంది. హామర్ పూర్తిగా లేపాక కూడా ఒక్కోసారి సిలిండర్ బిగుసుకోవడం లేదు, చేత్తో తిప్పితే తిరుగుతోంది.

మెయిన్ స్ప్రింగ్ తీసేసి పలచనిది వేయమని ఒకరు, హామర్ గాడిని సానపట్టమని ఇంకొకరు అంటున్నారు. మీరేమంటారు?

లోకోషెడ్_ఫిట్టర్
తమ్మీ, ముందు ఒక మాట చెప్పు. లోపల మొత్తం స్ప్రింగులెన్ని, ఏది దేన్ని నెడుతుంది? అది తెలియకుండా పలచనిది వెయ్, మందంది వెయ్ అని చెప్పేవాళ్ల మాట వినకు.

కాజీపేట_టు_ఆస్టిన్
మూడు, అన్నా. పిడిలో నిలువుగా ఉండే పెద్ద పట్టీ మెయిన్ స్ప్రింగ్. అది హామర్‌ను ముందుకు కొడుతుంది. పిడి ముందువైపు నుంచి ఒక చిన్న స్క్రూ దాన్ని నొక్కి పెడుతుంది, బిగిస్తే టెన్షన్ పెరుగుతుంది. ట్రిగ్గర్ గార్డు తీస్తే కింద ఇంకో చిన్న పట్టీ. దాన్ని మధ్యలో చీల్చి రెండు కాళ్లు చేశారు. ఒక కాలు ట్రిగ్గర్‌ను, ఇంకో కాలు సిలిండర్‌ను ఆపే బోల్ట్‌ను నెడతాయి. మూడోది హామర్‌కు తగిలించిన ‘హ్యాండ్’ వెనక సన్నటి రేకు. హ్యాండ్ అంటే హామర్ లేపినప్పుడు సిలిండర్‌ను ఒక్కో గది తిప్పే ముక్క.

కమాన్_పట్టీ
ఎనుమాముల దగ్గర లారీల కమాన్ కట్టలు కట్టేవాణ్ని, నా మాట విను. గట్టిగా ఉందంటే పట్టీ మందం ఎక్కువున్నట్టే కదా. ఆ పెద్దదాన్ని తీసి గ్రైండర్ మీద రెండు వైపులా లాగించు. సగం బరువు తగ్గుద్ది. అరగంట పని. దీనికి ఇంత చర్చ ఎందుకో.

పాత_ఆర్మరర్
ఆ పని చేయకండి బాబూ.

మామునూరు పటాలంలో ఆయుధాల వర్క్‌షాప్‌లో పనిచేసి రిటైరయ్యాను. క్యాప్ రివాల్వర్ మా దగ్గరుండేది కాదు గానీ పట్టీ స్ప్రింగుల పాత వెబ్లీ రివాల్వర్లు చాలా విప్పాను. సూత్రం ఒకటే.

ముందు రెండో సమస్య. హామర్ లేచాక సిలిండర్ బిగుసుకోకపోతే ఇక ఒక్క గుండు కూడా కాల్చొద్దు. గది, బ్యారెల్ ఒక గీత మీద లేనప్పుడు గుండు అంచు చెక్కుకుని సీసం పక్కకు చిమ్ముతుంది. మీ చేతికి, పక్కన నిలబడ్డవాళ్ల కళ్లకు ప్రమాదం. ఇది ట్రిగ్గర్ బరువు కంటే ముందు తేలాల్సిన విషయం.

ఇక మెయిన్ స్ప్రింగ్. దాని పని హామర్‌ను పడేయడం ఒక్కటే కాదు. క్యాప్ పేలినప్పుడు నిపుల్ రంధ్రం గుండా వాయువు వెనక్కి కూడా తంతుంది. ఆ తన్నుకు హామర్ లేవకుండా పట్టి ఉంచేది ఈ స్ప్రింగే. పలచన చేస్తే హామర్ పైకి ఎగురుతుంది, చిట్లిన క్యాప్ ముక్కలు దాని కిందికి, ఫ్రేమ్ సందులోకి జారతాయి. తర్వాత సిలిండర్ తిరగదు. అసలు క్యాప్ ఒక దెబ్బకు పేలకపోవడం ఇంకో గోల. తేలిక చేయబోయి పనికిరాకుండా చేసుకునేది ఇక్కడే.

మీకు ఇప్పుడు క్యాప్ ముక్కలు ఇరుక్కుంటున్నాయా?

కాజీపేట_టు_ఆస్టిన్
లేదు సార్. క్యాప్‌లు మొదటి దెబ్బకే పేలుతున్నాయి, ముక్కలు కూడా పెద్దగా పడటం లేదు.

పాత_ఆర్మరర్
అయితే మెయిన్ స్ప్రింగ్ ఆరోగ్యంగా ఉంది. దాని జోలికి పోవద్దు. నిపుల్ రంధ్రాలు మాత్రం అప్పుడప్పుడూ చూసుకోండి. వాడకంలో అవి పెద్దవైతే మంచి స్ప్రింగ్ ఉన్నా హామర్ ఎగురుతుంది, జనం పాపం స్ప్రింగును తిడతారు.

కమాన్_పట్టీ
సార్, మీరు పెద్దవాళ్లు, కాదనను. కానీ బరువు దేనివల్ల వస్తున్నట్టు మరి? ట్రిగ్గర్ లాగినప్పుడు హామర్ మీదున్న ఒత్తిడే కదా వేలికి తగిలేది?

లోకోషెడ్_ఫిట్టర్
కొంతే తగులుతుంది. ట్రిగ్గర్ పైకొన హామర్ గాడిలో కూర్చుని ఉంటుంది కదా, దాన్ని అక్కడి నుంచి జార్చడానికి కావాల్సిన బలంలో మూడు వాటాలున్నాయి. మెయిన్ స్ప్రింగ్ ఒత్తిడి వల్ల ఆ గాడిలో పుట్టే రాపిడి ఒకటి. గాడి కోణం ఇంకొకటి. కోణం లోపలికి వాలి ఉంటే ట్రిగ్గర్ లాగేకొద్దీ హామర్ ఇంకాస్త వెనక్కి లేస్తుంది, అంటే పెద్ద స్ప్రింగును కూడా వేలితోనే వంచుతున్నట్టు. మూడోది ట్రిగ్గర్‌ను ముందుకు నెట్టే ఆ చిన్న కాలు. అది నేరుగా వేలి మీదే పనిచేస్తుంది.

మొదటిదాన్ని తగ్గిస్తే సార్ చెప్పిన తంటా. రెండోదాన్ని ముట్టుకుంటే ప్రాణం మీదికి. మూడోది సురక్షితం. నీ చిట్టా అక్కడి నుంచి మొదలుపెట్టు.

గ్రైండర్ గురించి కమాన్ అన్నకు ఒక లెక్క. పట్టీ గట్టిదనం వెడల్పుకు నేరుగా, మందానికి ఘనంలో మారుతుంది. వెడల్పు పదో వంతు తీస్తే గట్టిదనం పదో వంతే పోతుంది. మందం పదో వంతు తీస్తే 27 శాతం పోతుంది. చేత్తో పట్టుకుని గ్రైండర్ మీద పెడితే మందం అన్నిచోట్లా ఒకేలా తగ్గదు, పలచబడ్డ చోటే వంగుతుంది, ఆ తర్వాత అక్కడే విరుగుతుంది. పైగా వేడికి నీలం రంగు దాటిందంటే పదును పోయినట్టే, అది ఇక స్ప్రింగ్ కాదు, రేకు.

కమాన్_పట్టీ
పదో వంతుకు 27 శాతమా. కమాన్ కట్టలో ఒక పట్టీ మార్చితే లారీ ఎందుకంత తేడా చూపిస్తదో ఇప్పుడర్థమైంది. సరే, గ్రైండర్ మాట వెనక్కి. అయినా స్ప్రింగ్ విరిగేది ఎక్కడో మాత్రం నన్ను అడగండి. చీలిక మొదట్లో. రెండు కాళ్లు కలిసే చోట కోసుగా ఉంటే పగులు అక్కడే పుడుద్ది. గుండ్రంగా ఉండాలి.

పాత_ఆర్మరర్
ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం.

మట్టెవాడ_గడియారాలు
గడియారాలు రిపేర్ చేసుకునేవాణ్ని, తుపాకీ ముట్టలేదు. విప్పే ముందు ఒకటి. స్క్రూ గాడికి పక్కాగా సరిపోయే బ్లేడు తీసుకోండి, వెడల్పులోనూ మందంలోనూ. అంచు కోసుగా దిగిపోయే మామూలు స్క్రూడ్రైవర్ గాడి పైఅంచు మీదే పనిచేస్తుంది, ఒక్కసారి జారితే స్క్రూ తల చెక్కుకుపోతుంది. బిగుసుకుపోయి ఉంటే ఒక చుక్క నూనె వేసి రాత్రంతా వదిలేయండి. తీసిన స్క్రూలను ఒక అట్టముక్క మీద తుపాకీ బొమ్మ గీసి ఏది ఎక్కడిదో అక్కడే గుచ్చండి. ఒకేలా కనిపించేవి పొడవులో వేరుగా ఉంటాయి.

స్ప్రింగును నునుపు చేయాల్సి వస్తే గీతలు పొడవునే పోవాలి. అడ్డగీత ఒక్కటి మిగిలినా పగులుకు దారి చూపించినట్టే.

పది_మీటర్ల_పిల్ల
నేను హనుమకొండలో ఎయిర్ పిస్టల్ ప్రాక్టీస్ చేస్తాను. అన్నా, గుళ్లు కిందికి ఎడమకు పోవడం సగం ట్రిగ్గర్ తప్పు కాకపోవచ్చు. కుడిచేత్తో కాల్చేవాళ్లు ట్రిగ్గర్‌ను ఒక్కసారిగా గుంజితే మూతి అటే పోతుంది. గట్టి ట్రిగ్గర్ ఆ అలవాటును పెంచుతుంది, కానీ తేలిక చేసినంత మాత్రాన అలవాటు పోదు.

మా ఈవెంట్‌లో పది మీటర్ల ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములు ఉండాలి. పోటీకి ముందు ఆ బరువును ట్రిగ్గర్‌కు తగిలించి పిస్టల్‌ను నిలువుగా లేపుతారు, బరువు నిలవకపోతే పిస్టల్ వెనక్కి. 25 మీటర్ల పిస్టల్‌కు 1000 గ్రాములు. మీ ఐదు పౌన్లు అంటే దాదాపు 2270 గ్రాములు. ఖాళీ పిస్టల్‌తో గోడ వైపు నిలబడి, సైట్ కదలకుండా ట్రిగ్గర్ వదలడం రోజూ చేస్తే తేడా తెలుస్తుంది.

పాత_ఆర్మరర్
అమ్మాయి మంచి మాట చెప్పింది. ఒక్క జాగ్రత్త. ఎయిర్ పిస్టల్‌లో ఖాళీగా నొక్కడానికి వేరే ఏర్పాటు ఉంటుంది. ఈ రివాల్వర్‌లో క్యాప్ లేకుండా నొక్కితే హామర్ నేరుగా నిపుల్ మీద పడి దాని అంచు అణిగిపోవచ్చు. అణిగిన నిపుల్‌కు క్యాప్ సరిగ్గా దిగదు. సాధన చేయాలంటే సిలిండర్ తీసేసి, హామర్ పడే చోట తోలుముక్క అడ్డం పెట్టండి.

ములుగు_మామ
మా తాత ముత్తాతల నాటి భర్మార్ తుపాకీ ఒకటి ఇంట్లో అటక మీద ఉంది. దాని ట్రిగ్గర్ స్ప్రింగ్ పోయింది. ఈ పద్ధతిలోనే కట్టొచ్చా? గోడకు అలంకారంగా పెడదామని.

నిర్వాహకుడు
ములుగు మామా, ముందు లైసెన్స్ ఉందా చూడండి. మన దేశంలో మూతి నుంచి మందు కూరే తుపాకీకి కూడా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ ఉండాల్సిందే. తాతగారి పేరున ఉన్న లైసెన్స్ ఆయనతోనే పోతుంది, మనవడికి దానంతట అది రాదు. ఎవరి పేరునా లేకపోతే పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గరో అప్పగించి, ఆ తర్వాత మీ పేరున దరఖాస్తు సంగతి చూసుకోండి. రిపేర్ కూడా లైసెన్స్ ఉన్నవాళ్లే చేయాలి. అటక మీద ఉన్నది పాతదే కదా అనుకోవద్దు.

ఇక్కడ చర్చ ఆస్టిన్‌లో ఉన్న తుపాకీ గురించి మాత్రమే. మన ఊళ్లో ఉన్నవాటిని విప్పే పద్ధతులు ఈ చర్చలో అడగకండి.

ములుగు_మామ
అర్థమైంది. అది తాత చేతిలో పందులు తోలడానికి తప్ప పేలింది లేదు. రేపే స్టేషన్‌కు పోతా.

కాజీపేట_టు_ఆస్టిన్
విప్పాను. ముందు ఆరు గదులూ, ఆరు నిపుళ్లూ ఖాళీగా ఉన్నాయని చూసుకుని, హాఫ్ కాక్‌లో (హామర్ సగం లేచి ఆగే చోట) పెట్టి, లీవర్ దించి పిన్ను లాగి సిలిండర్ తీసేశా. పిడి చెక్కలు తీశాక ముందువైపు స్క్రూ వదులు చేస్తే మెయిన్ స్ప్రింగ్ పక్కకు జారి వచ్చేసింది. ట్రిగ్గర్ గార్డు తీయగానే విషయం తెలిసింది. చీలిక స్ప్రింగులో బోల్ట్‌ను నెట్టే కాలు విరిగిపోయి ఫ్రేమ్‌లోనే పడి ఉంది. సిలిండర్ ఎందుకు బిగుసుకోలేదో అదే కారణం.

ఫోటో పెడుతున్నా. విరిగిన ముఖం దగ్గరగా తీశాను. గోరు మందం కూడా లేని ఆ ముక్కలో ఒక మూల నల్లగా, తుప్పు పట్టినట్టు ఉంది. మిగతాది కొత్త ఇనుములా, గరుకుగా మెరుస్తోంది. పక్క కాలు నిండా అడ్డగీతలు.

లోకోషెడ్_ఫిట్టర్
ఫోటో చాలు, కథ అంతా అందులోనే ఉంది. నల్లగా ఉన్న మూల పాత పగులు. అది చాలాకాలం కిందే పుట్టి, నెమ్మదిగా లోపలికి పోయింది, ఆ సందులోకి తేమ చేరి నల్లబడింది. మెరుస్తున్న భాగం ఒక్క దెబ్బకు విరిగింది. మొదలు ఎక్కడో చూడు, చీలిక మూలలో ఒక అడ్డగీత మీదే. కమాన్ అన్న చెప్పినట్టు, మట్టెవాడ అన్న చెప్పినట్టు. ఇంజిన్ స్ప్రింగులు విరిగినా మేము ముందు చూసేది ఇదే, నలుపెంత, మెరుపెంత అని. నలుపు ఎక్కువుంటే చాలా రోజుల నుంచి సాగుతున్న పగులు.

పాత_ఆర్మరర్
తేమ సంగతి కూడా ఉంది. బ్లాక్ పౌడర్ కాలితే సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. ఆ మసిలో పొటాషియం లవణాలుంటాయి, గాలిలో తడిని పట్టేస్తాయి. బ్యారెల్ కడిగి, లోపలి భాగాలు వదిలేసేవాళ్ల స్ప్రింగులే ముందు పోతాయి. కాల్చిన రోజే వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, తర్వాతే నూనె పెట్టాలి.

కొత్త స్ప్రింగ్ దొరుకుతుందా అక్కడ?

కాజీపేట_టు_ఆస్టిన్
దొరుకుతుంది. అసలు పట్టీ లాంటిదే ఒకటి, వంచిన తీగతో చేసింది ఇంకొకటి. తీగది విరగదంటున్నారు.

కమాన్_పట్టీ
అవసరం లేదు తమ్మీ. లారీ కమాన్ ముక్క నుంచి నేనే కొట్టి పంపిస్తా. మా దగ్గర ఇనుముకు కొదవా? కోనసముద్రం ఉక్కు పారశీక దేశం దాకా పోయి కత్తులైందట, ఇప్పుడు ఆస్టిన్‌కు స్ప్రింగ్ పోలేదా?

మట్టెవాడ_గడియారాలు
కోనసముద్రం మాట నిజమే. నిజామాబాద్ జిల్లా. మూసల్లో ఉక్కు కరిగించేవాళ్లు, పారశీక వ్యాపారులు వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. కానీ అది కత్తుల ఉక్కు. కమాన్ అన్న కొట్టిన స్ప్రింగ్ పార్సిల్‌లో పోతే కస్టమ్స్ వాళ్లకు ఇది తుపాకీ భాగమని చెప్పాల్సి వస్తుంది, ఆ తర్వాత అన్నను చూడటానికి మనమంతా వెళ్లాలి.

కమాన్_పట్టీ
పార్సిల్ రద్దు.

పాత_ఆర్మరర్
తీగ స్ప్రింగ్ మంచిదే. గుండ్రటి తీగకు కోసు అంచులుండవు, చీలిక మూల అసలే లేదు. కాకపోతే పట్టీ కాలు కూర్చునేంత వెడల్పుగా తీగ కూర్చోదు, బోల్ట్ మీద పక్కకు జారుతోందా అని బిగించాక చూడాలి. నేనైతే పట్టీనే తీసుకుని మంచిగా తయారు చేసుకుంటాను. ముందే అనుమానపడి రెండు తెప్పించుకోండి.

బోల్ట్ కాలును తేలిక చేయొద్దు. అది సిలిండర్‌ను వేగంగా పట్టుకోవాలి. తేలిక చేయాల్సింది ట్రిగ్గర్ కాలు ఒక్కటే. పక్కల నుంచి వెడల్పు కొంచెం, కొన వైపు సన్నబడేలా తీయండి. మందం ముట్టుకోవద్దు. ఆకురాయి తర్వాత సన్నటి ఎమరీ పేపర్‌తో పొడవునే నునుపు చేయండి. అంతకంటే తేలిక దారి ఇంకోటి ఉంది. స్ప్రింగ్‌కు, ఫ్రేమ్‌కు మధ్య స్క్రూ కింద పలచటి వాషర్ వేస్తే స్ప్రింగ్ మొత్తం కాస్త కిందికి దిగి ముందస్తు ఒత్తిడి తగ్గుతుంది. నచ్చకపోతే తీసేయొచ్చు, ఏదీ చెడదు. కానీ వాషర్ రెండు కాళ్లనూ తగ్గిస్తుంది, కాబట్టి బోల్ట్ ఇంకా చురుగ్గా లేస్తోందా చూసుకోవాలి.

కాజీపేట_టు_ఆస్టిన్
హామర్ గాడిని సానరాయితో ఒక్కసారి, నునుపు కోసం మాత్రం రుద్దొచ్చా సార్?

పాత_ఆర్మరర్
మీరు వద్దు.

కారణం చెప్తాను, కోపం అనుకోకండి. ఇలాంటి నకళ్లలో హామర్ గాడి, ట్రిగ్గర్ కొన చాలావరకు పైపొర మాత్రమే గట్టిపరిచి ఉంటాయి. లోపల మెత్తటి ఇనుము. సానపడుతూ ఆ పొర దాటితే మొదట్లో ట్రిగ్గర్ వెన్నలా ఉంటుంది, అందరూ మెచ్చుకుంటారు. కొంతకాలానికి మెత్తటి లోహం అరిగి గాడి గుండ్రబడుతుంది. ఒకరోజు హామర్ లేపి వేలు తీయగానే దానంతట అదే పడిపోతుంది. అప్పుడు మూతి ఎటు ఉందో దేవుడికే తెలియాలి. కోణం మార్చడం, గాడి లోతు తగ్గించడం రెండూ అంతే. లోతు తగ్గితే ఇంకో చిక్కు, ట్రిగ్గర్ నెమ్మదిగా వదిలినప్పుడు దాని కొన హాఫ్ కాక్ గాడికి తగిలి చిట్లిపోతుంది. అప్పుడు రెండు భాగాలూ మార్చాలి.

దూదిపుల్లతో గాడిలో మసి, నూనె జిడ్డు తుడవండి. గాడిలో గట్టిగా తగులుతున్నట్టు అనిపించేది చాలాసార్లు ఆ జిడ్డే.

పది_మీటర్ల_పిల్ల
మా కోచ్ కూడా ఇదే అంటారు. ట్రిగ్గర్ స్క్రూ తిప్పే హక్కు మాకుంది, సియర్ (లేచిన హామర్‌ను పట్టి ఉంచే భాగం) ముట్టుకునే హక్కు లేదు.

లోకోషెడ్_ఫిట్టర్
బిగించేటప్పుడు ఒక్కో మార్పుకూ ఒక్కోసారి తూచు తమ్మీ. వాషర్, వెడల్పు, నూనె అన్నీ ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. తూకం కొక్కెం ట్రిగ్గర్ వంపు మధ్యలోనే పడాలి, కొన దగ్గర పడితే తక్కువ చూపిస్తుంది.

కాజీపేట_టు_ఆస్టిన్
కొత్త పట్టీ వచ్చింది. చీలిక మూలను సన్నటి గుండ్రటి ఆకురాయితో గుండ్రం చేశా, రెండు కాళ్ల అంచులు పొడవునా నునుపు చేశా. ముందు అలాగే బిగించి తూస్తే నాలుగున్నర పౌన్లు. పాతది విరగక ముందే ఐదు దాటింది కదా, మిగతాది గాడిలో జిడ్డు అనుకుంటా. తర్వాత ట్రిగ్గర్ కాలు ఒక పక్క నుంచి సన్నం చేశా, మూడున్నర దగ్గర ఆపేశా. వాషర్ వేయలేదు. వేసి చూస్తే బోల్ట్ బద్ధకంగా లేస్తున్నట్టు అనిపించి తీసేశాను.

సిలిండర్ ఇప్పుడు ప్రతి గదికీ టక్కున పడుతోంది.

పాత_ఆర్మరర్
బాగుంది. ఇప్పుడు పరీక్షలు. సిలిండర్‌లో పౌడర్, గుండు, క్యాప్ ఏవీ లేకుండా చూసుకోండి. హామర్ పూర్తిగా లేపి, ట్రిగ్గర్‌కు వేలు దూరంగా పెట్టి, వెనక నుంచి బొటనవేలితో హామర్‌ను ముందుకు గట్టిగా నెట్టండి. పడకూడదు. చాలాసార్లు చేయండి. హాఫ్ కాక్‌లో పెట్టి ట్రిగ్గర్ గట్టిగా లాగండి, అప్పుడూ పడకూడదు. హామర్‌ను నెమ్మదిగా లేపినా, వేగంగా లేపినా సిలిండర్ ఒకే చోట ఆగాలి. వేగంగా లేపినప్పుడు గది దాటి పోతే బోల్ట్ కాలు ఒత్తిడి చాలడం లేదని అర్థం.

ఇవన్నీ నెగ్గాక రేంజ్‌లో, మూతి లక్ష్యం వైపే ఉంచి, పౌడర్ లేకుండా ఆరు క్యాప్‌లు మాత్రం పేల్చండి. ఆరూ మొదటి దెబ్బకు పేలాలి.

కాజీపేట_టు_ఆస్టిన్
నెట్టిన పరీక్షలో ఎక్కడా జారలేదు. ఆరు క్యాప్‌లూ పేలాయి. హామర్ ఇంకా గట్టిగానే ఉంది సార్, బొటనవేలు నొప్పి పోలేదు. పిడి ముందు స్క్రూ కొంచెం వదులు చేయొచ్చా?

పాత_ఆర్మరర్
కొంచెం చేయొచ్చు, దాని పనే అది. పావు చుట్టు వదులు చేసి మళ్లీ ఆరు క్యాప్‌లు పేల్చండి. ఒక్కటి తప్పినా, ఒక్క క్యాప్ ముక్క సందులో పడినా ఆ పావు చుట్టు వెనక్కి బిగించేయండి. మరీ వదులు చేస్తే ఆ స్క్రూ అదురుకు తనంతట తాను తిరిగి ఊడుతుంది. బిగింపు తేలాక లేత లాకింగ్ జిగురు ఒక చుక్క పెట్టండి.

కమాన్_పట్టీ
సార్, ఆ పెద్ద పట్టీ బదులు చుట్ట స్ప్రింగ్ పెట్టేస్తే ఈ గొడవంతా ఉండదు కదా?

పాత_ఆర్మరర్
ఆ పని చేసిన కంపెనీ ఉంది. అమెరికాలో రూగర్ వాళ్లు 1972లో ఓల్డ్ ఆర్మీ అనే క్యాప్ రివాల్వర్ తెచ్చారు, లోపలన్నీ చుట్ట స్ప్రింగులే. 2008 దాకా చేశారు. దానికి డిజైనే వేరు. రెమింగ్టన్ నకలులో పెట్టాలంటే ఫ్రేమ్‌కే రంధ్రాలు వేయాలి. ఆ పని హ్యాండ్ వెనక స్ప్రింగ్‌కు మాత్రం కొందరు గన్‌స్మిత్‌లు చేస్తారు, చిన్న చుట్ట స్ప్రింగ్, పిన్ను పెట్టి. ఆ సన్నటి రేకు విరిగినప్పుడు ఆలోచించుకోవచ్చు.

మట్టెవాడ_గడియారాలు
దీన్ని 1858 అంటున్నారు కానీ ఆ ఏడాది వచ్చింది పేటెంట్ మాత్రమే కదా? ఎక్కడో చదివిన గుర్తు.

కాజీపేట_టు_ఆస్టిన్
అవునన్నా. దీని రూపకర్త బీల్స్ పేటెంట్ తేదీ సెప్టెంబర్ 14, 1858. అది బ్యారెల్ మీద చెక్కి ఉండేది కాబట్టి జనం అదే పేరుతో పిలుస్తున్నారు. నా దాని అసలు మోడల్, న్యూ మోడల్ ఆర్మీ, తయారైంది 1863 నుంచి 1875 దాకా.

ములుగు_మామ
స్టేషన్‌లో అప్పగించి రసీదు తీసుకున్నా. ఒక ప్రశ్న, తుపాకీది కాదు. తమ్ముడూ, లోపలికి ఏం నూనె పెడుతున్నావు? మా దగ్గర ఇనుముకు ఆముదమే.

లోకోషెడ్_ఫిట్టర్
ఆముదం ఆరిపోయి జిగురవుద్ది మామా, ముఖ్యంగా పలచగా పూసి పక్కన పెడితే.

పాత_ఆర్మరర్
ఇద్దరూ సగం సగం కరెక్ట్. బ్లాక్ పౌడర్ మసికి మామూలు పెట్రోలియం నూనె తగిలితే తారు లాగా ముద్ద కడుతుంది. అందుకే బ్యారెల్, సిలిండర్, పిన్ను దగ్గర చెట్ల నూనె, కొవ్వు కలిపిన గ్రీజే వాడతారు. లోపల స్ప్రింగుల దగ్గర మసి తక్కువ, అక్కడ మంచి తుపాకీ నూనె పలచగా చాలు, నెలలు కదలకుండా ఉన్నా జిగురవదు. సిలిండర్ పిన్నుకు మాత్రం గ్రీజు దండిగా పెట్టండి, ముందుగా బిగుసుకునేది అదే.

కాజీపేట_టు_ఆస్టిన్
పావు చుట్టు వదులు చేశాక కూడా ఆరుకు ఆరు పేలాయి. ఇంకో పావు చుట్టుకు ఒకటి తప్పింది, దాంతో వెనక్కి బిగించి జిగురు పెట్టేశా. 25 గజాల కాగితం ఫోటో ఇదిగో. ఇంకా ఎడమకే పోతున్నాయి కానీ కిందికి పోవడం తగ్గింది.

పది_మీటర్ల_పిల్ల
ఎడమకు పోవడం ట్రిగ్గర్ మీద వేలు ఎక్కడ పెడుతున్నారో దాన్ని బట్టి కూడా ఉంటుంది. కొన మెత్తనా, మొదటి కణుపా? పక్క నుంచి చేతి ఫోటో పెట్టండి, చూసి చెప్తా.